స్టెంట్ తీసే తేదీ కూడా చికిత్సలో భాగమే

తిరుపతి, చిత్తూరు జిల్లాల మూత్రకోశ శస్త్రవైద్యులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు, వైద్య సేవ పథకం అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, నిర్వాహకులకు, అధికారులకు నమస్కారాలు.

నేను పాకాల ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మూత్రపిండం నిలువుకోత బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. ఆ బొమ్మ మధ్యలో మూత్రం వచ్చి చేరే గరాటులాంటి ద్రోణి ఉంటుంది, దానికి అంటుకొని చిన్న చిన్న గిన్నెలు ఉంటాయి. ద్రోణి, గిన్నెలు అన్నీ కలిపి ఒకే రాయితో నిండిపోగలవని, ఆ రాయి జింక కొమ్ములా శాఖలు వేసుకుంటూ పెరుగుతుందని, అంత పెరిగేదాకా మనిషికి పెద్దగా నొప్పి తెలియకపోవచ్చునని మాత్రం మా తమ్ముడి సీటీ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసిన రోజునే నాకు అర్థమయింది.

మా తమ్ముడు చెరకు రైతు. ఏటా చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా బెల్లం గానుగ దగ్గరే అతని కాపురం. కాగే పెనం పక్కన, పొయ్యి వేడిలో, పాకం అదను తప్పుతుందన్న భయంతో గంటల తరబడి నిలబడి ఉంటాడు. దాహం వేసినా చెంబెడు నీళ్లు తాగి మళ్లీ గరిటె పట్టుకోవడమే కానీ రోజుకు ఎన్ని నీళ్లు తాగుతున్నాడో, ఎన్నిసార్లు మూత్రానికి వెళుతున్నాడో అతనే కాదు, ఇంట్లో ఎవరూ గమనించలేదు. నడుములో బరువుగా ఉందంటే బస్తాలు మోసినందుకేనని అనుకున్నాం. మూత్రం మంట, వచ్చిపోయే జ్వరం, మబ్బు రంగు మూత్రం ఏడాదికి పైగా సాగాయి. ప్రతిసారీ నాలుగు రోజుల మాత్రలతో తగ్గిపోవడం వల్ల స్కానింగ్ దాకా వెళ్లలేదు. తీరా వెళ్లేసరికి ఎడమ మూత్రపిండం నిండా రాయి ఉంది.

అతనికి వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి రాయిని పగలగొట్టి తీసే పీసీఎన్‌ఎల్ శస్త్రచికిత్స జరిగింది. ఆ ఆసుపత్రి పేరు నేను రాయడం లేదు. నేను చెప్పబోయేది ఒక ఆసుపత్రికి మాత్రమే పరిమితమైన లోపం కాదు కనుక పేరు అవసరం కూడా లేదు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు మూడు గంటలకు పైగా శ్రమపడి రాయిలో చాలా భాగాన్ని తీశారు. రక్తస్రావం అదుపులో ఉంచారు. మర్నాడు వచ్చి మాతో ఓపికగా మాట్లాడారు. ఆయన చేతి నైపుణ్యానికి మేము నేటికీ కృతజ్ఞులం. లోపలి గిన్నెల్లో ఒకటి రెండు ముక్కలు మిగిలాయని, మూత్రం సాఫీగా దిగడానికి లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టామని, అది తీయడానికి మళ్లీ రావాలని ఆయన చెప్పే ఉంటారు. ఇంటికి వచ్చేటప్పుడు మా చేతిలో పెట్టిన మూడు పేజీల ఇంగ్లీషు కాగితంలో మూడో పేజీ కింద ఆ మాట ఒక వరుసలో ఉంది. తేదీ మాత్రం లేదు.

శివరాత్రికి ముందు జరిగిన శస్త్రచికిత్స అది. వారం తిరిగేసరికి తమ్ముడు లేచి తిరిగాడు. నొప్పి పోయింది, జ్వరం పోయింది. మూత్రానికి వెళ్లినప్పుడు అప్పుడప్పుడు చివరలో మంటగా ఉందంటే గాయం పూర్తిగా మానలేదని సరిపెట్టుకున్నాం. ఆ ఏడు గానుగ పని నడిచింది, మరుసటి ఏడూ నడిచింది. ఆ రెండో ఏటి గంగ జాతర రోజుల్లో మూత్రంలో రక్తం పడి, చలిజ్వరంతో వణుకుతున్న మనిషిని తిరుపతికి తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయిస్తే, మూత్రపిండంలో ఒక కొన, మూత్రాశయంలో ఒక కొన చుట్టుకొని ఉన్న గొట్టం, దాని రెండు కొనలకూ గూడు కట్టినట్టు పేరుకున్న కొత్త రాళ్లు కనిపించాయి. "ఆ గొట్టం ఇంకా లోపల్నే ఉండాదంటక్కా" అని స్ట్రెచర్ మీద పడుకొని తమ్ముడు నాతో అన్న మాట వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

మీకు తెలిసిన విషయాన్నే మీకు చెబుతున్నానని మన్నించండి. ఈ లేఖను చదివే సామాన్యులకు కూడా ఇది తెలియాలి. డీజే స్టెంట్ అనేది మూత్రపిండం నుంచి మూత్రాశయం దాకా మూత్రనాళంలో ఉండే సన్నని మెత్తని ప్లాస్టిక్ గొట్టం. వాపు వల్లనో, రాతి ముక్కలు అడ్డుపడడం వల్లనో నాళం మూసుకుపోకుండా అది కాపాడుతుంది. ప్రాణం నిలబెట్టే ఆ గొట్టమే మూత్రంలో ఎక్కువ కాలం ఉంటే దాని మీద లవణాలు పేరుకుంటాయి. రాళ్లు తయారయ్యే శరీరతత్వం ఉన్నవారిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. 1991లో వెలువడిన ఒక అధ్యయనంలో 6 వారాలలోపు తీసిన స్టెంట్లలో దాదాపు 9 శాతం మీద, 6 నుంచి 12 వారాల మధ్య తీసిన వాటిలో దాదాపు 47 శాతం మీద, 12 వారాలు దాటిన వాటిలో దాదాపు 76 శాతం మీద ఇలా రాయి పేరుకున్నట్టు తేలింది. సకాలంలో అయితే మూత్రమార్గం గుండా చిన్న దుర్భిణి పంపి కొద్ది నిమిషాల్లో తీసేయగలిగిన గొట్టం, మా తమ్ముడి విషయంలో మూత్రాశయంలోని రాయిని ఒకసారి, నాళంలోని పొరను లేజర్‌తో ఇంకొకసారి, మూత్రపిండంలోని రాయిని మళ్లీ వీపు వైపు నుంచి మరొకసారి పగలగొడితే తప్ప బయటికి రాలేదు. ఆ మూత్రపిండం పనితీరులో కొంత భాగం శాశ్వతంగా తగ్గిపోయింది.

ఈ లేఖలో నేను కోరేది ఒక్కటే. కష్టమైన రాయికి చికిత్స చేసినప్పుడు, ఆ రోగి శరీరంలో మీరు ఉంచి పంపినవాటన్నిటికీ, అంటే స్టెంటుకు, మిగిలిన ముక్కలకు, ఆ రాయి మళ్లీ పుట్టడానికి లోపల ఉన్న కారణానికి, లెక్క ఆసుపత్రి దగ్గర ఉండాలి. ఇప్పుడు ఆ లెక్క రోగి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంది.

రాయి కష్టమైనది కావడానికి దాని పరిమాణం ఒక్కటే కారణం కాదని తమ్ముడి పక్కన కూర్చున్న నెలల్లో తెలుసుకున్నాను. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు నాళంలోకి జారితే ఎక్కువ భాగం వాటంతటవే మూత్రంలో పడిపోతాయి. 2 సెంటీమీటర్లు దాటిన రాయికి వీపు వైపు నుంచి చేసే పీసీఎన్‌ఎల్ మొదటి ఎంపిక అవుతుంది. ఈ రెంటి మధ్యలో ఉన్నదే చిక్కు. ఒకటిన్నర సెంటీమీటర్ల రాయి మూత్రపిండంలో పై గిన్నెలో ఉంటే ఒక దారి, అడుగు గిన్నెలో ఉంటే మరొక దారి. బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే పద్ధతిలో అడుగు గిన్నెలోని రాయి ముక్కలైనా ఆ ముక్కలు ఎగువకు ఎక్కి బయటికి రావడం కష్టం. సీటీ స్కాన్‌లో రాయి సాంద్రత 1000 యూనిట్లు దాటితే ఆ తరంగాలకు అది సరిగా పగలదు. సిస్టీన్ రాళ్లు, ఒక రకం కాల్షియం ఆక్జలేట్ రాళ్లు కూడా అంతే మొండివి. పగిలినా ముక్కలన్నీ ఒకేసారి నాళంలోకి దిగి వరుసగా ఇరుక్కుపోవచ్చు. జర్మన్ వైద్యులు దీనికి రాళ్ల వీధి అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఒకే మూత్రపిండం ఉన్నవారు, పుట్టుకతోనే రెండు మూత్రపిండాలు కింది వైపు గుర్రపు లాడంలా అతుక్కొని ఉన్నవారు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, వీరిలో చిన్న రాయి కూడా పెద్ద సమస్యే.

1976లో స్వీడన్ వైద్యులు వీపు వైపు రంధ్రం గుండా రాయి తీసే పద్ధతిని ప్రకటించారు. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో మొదటి రోగికి తరంగాల చికిత్స జరిగింది. అంతకు ముందు ఇలాంటి రాళ్లకు పక్కను పొడవునా కోసి మూత్రపిండాన్ని తెరవడమే మార్గం. ఇప్పుడు మూత్రమార్గం గుండానే వంగే దుర్భిణిని మూత్రపిండం దాకా పంపి లేజర్‌తో రాయిని పొడి చేస్తున్నారు. ఇవన్నీ మన తిరుపతిలోనే అందుతున్నాయి. దేవస్థానం అండతో నడిచే స్విమ్స్‌లో మూత్రకోశ శస్త్రచికిత్స విభాగం ఉంది. ప్రైవేటు ఆసుపత్రులూ పెరిగాయి. చిత్తూరు వైపు వారికి గంట ప్రయాణంలో వేలూరు ఉంది. పరికరాల కొరత వల్ల తమ్ముడికి నష్టం జరగలేదన్న సంగతి నేను మొదటే ఒప్పుకుంటున్నాను. రాయి పగలగొట్టిన పరికరం ఎంతో ఖరీదైనది. ఒక నోటుబుక్కులో రాసిన తేదీ, ఒక ఫోను పిలుపు లేకపోవడం వల్ల నష్టం జరిగింది.

అందుకే మొదటి విన్నపం స్టెంట్ల రిజిస్టరు. స్టెంట్ పెట్టిన ప్రతి రోగి పేరు, ఊరు, రెండు ఫోను నంబర్లు, పెట్టిన తేదీ, తీయవలసిన తేదీ ఒక చోట ఉండాలి. రెండో ఫోను నంబరు తప్పనిసరిగా ఇంట్లో ఇంకొకరిది కావాలి, ఎందుకంటే మా పల్లెల్లో రీచార్జి అయిపోయి సిమ్ మారిపోవడం నెలనెలా జరిగేదే. తీయవలసిన తేదీకి వారం ముందు ఒకసారి, తేదీ దాటితే మళ్లీ ఒకసారి ఫోను చేయాలి. అప్పటికీ రాకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు చేరాలి. గర్భిణుల తేదీలను, పిల్లల టీకాల తేదీలను వేలు మీద లెక్కపెట్టి ఇల్లిల్లూ తిరిగి గుర్తుచేసే ఆశా కార్యకర్తలకు ఊరికి ఒకటో రెండో స్టెంట్ తేదీలు బరువు కావు. స్టెంట్ తీసేదాకా ఆ కేసును ముగిసినట్టు చూపకూడదు. పథకం కింద జరిగిన శస్త్రచికిత్స అయితే, స్టెంట్ తీసిన రుజువు జతచేస్తేనే చివరి విడత సొమ్ము విడుదలయ్యే ఏర్పాటు చేయమని అధికారులను కోరుతున్నాను. ఇది ఆసుపత్రులను ఇబ్బంది పెట్టడానికి చెబుతున్నది కాదు. బిల్లుకు అవసరమైన కాగితం ఎంత దూరమైనా వెతికి పట్టుకునే వ్యవస్థ ఇప్పటికే ప్రతి ఆసుపత్రిలో ఉంది, అదే శ్రద్ధ ఈ గొట్టం మీదికి కూడా మళ్లాలని నా కోరిక.

ఇంటికి పంపే కాగితం తెలుగులో ఉండాలి. మొత్తం కాగితాన్ని అనువదించమని అడగడం లేదు. పై భాగంలో పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు చాలు: "మీ శరీరంలో గొట్టం ఉంది. దీన్ని ఫలానా తేదీలోపు తీయించుకోవాలి. నొప్పి లేకపోయినా తీయించుకోవాలి. చలిజ్వరం వస్తే అదే రోజు రావాలి." నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చేవారిలో తమిళం మాత్రమే చదవగలిగిన వారుంటారు కనుక వారికి తమిళంలో ఇవ్వాలి. చదువు రాని వారికి చదివి వినిపించి, వారి నోటితో తిరిగి చెప్పించుకోవాలి. తరగతి గదిలో పాఠం చెప్పిన తరువాత పిల్లవాడి చేత తిరిగి చెప్పిస్తే తప్ప వాడికి అర్థమయిందని మేము నమ్మేవాళ్లం కాదు. మత్తు దిగీ దిగని రోగికి, ఇంటికి వెళ్లే తొందరలో ఉన్న బంధువుకు ఒకసారి చెప్పిన మాట నిలుస్తుందని అనుకోవడం న్యాయం కాదు.

జ్వరం గురించి విడిగా చెప్పాలి. రాయి అడ్డుపడి మూత్రం దిగని మూత్రపిండంలో చీము చేరితే, అది గంటల్లో రక్తంలోకి పాకి ప్రాణం తీయగలదు. అప్పుడు రాయిని తీయడం తరువాతి మాట. ముందు స్టెంట్ ద్వారానో, వీపు వైపు నుంచి పెట్టిన గొట్టం ద్వారానో నిలిచిన మూత్రాన్ని బయటికి వదలాలి. కుప్పం, పలమనేరు వైపు నుంచి తిరుపతికి రావాలంటే బస్సులో పూటంతా పడుతుంది. నడుము పక్కన నొప్పి, చలిజ్వరం రెండూ కలిసి వచ్చిన రోగిని ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపకూడదని, అదే రోజు ఇలాంటి గొట్టం పెట్టగలిగిన చోటికి 108లో పంపాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి మీరు చెప్పి ఉంచాలి. ఏ ఆసుపత్రికి పంపితే రాత్రి వేళ కూడా ఆ పని జరుగుతుందో వారి గోడ మీద రాసి ఉండాలి.

దీనికి తోడు మరొక సంగతి జనానికి తెలియజేయాలి. నొప్పి తగ్గిందంటే రాయి పోయిందని మేమంతా నమ్ముతాం. పూర్తిగా అడ్డుపడిన మూత్రపిండం క్రమంగా పనిచేయడం తగ్గించుకుంటుంది, దానితో లోపలి ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే వదిలేస్తే ఆ నష్టం తిరిగి పూడదు. నాళంలో రాయి ఉందని తేలి మందులతో ఇంటికి పంపిన ప్రతి రోగికీ మళ్లీ స్కానింగ్ చేసి, రాయి నిజంగా పడిందో లేదో చూడవలసిన తేదీ కూడా ఆ రిజిస్టరులోనే ఉండాలి.

ఇక మిగిలిన ముక్కలు. తమ్ముడి రాయిని పరీక్షకు పంపాలని మొదటిసారి ఎవరూ అనలేదు. బయటికి తీసిన ముక్కలను చిన్న సీసాలో పెట్టి మాకు చూపించారు, మేము ఇంటికి తెచ్చి చుట్టాలకు చూపించాం. రెండోసారి తిరుపతిలో పరీక్ష చేయిస్తే అది మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్ అని తేలింది. యూరియాను విరగ్గొట్టే కొన్ని రకాల బాక్టీరియాలు మూత్రాన్ని క్షారంగా మార్చినప్పుడు ఈ రాళ్లు పుడతాయి. బాక్టీరియా ఆ రాతి పొరల్లోనే దాగి ఉంటుంది కనుక ఒక్క ముక్క మిగిలినా జ్వరం తిరిగి వస్తుంది, రాయి తిరిగి పెరుగుతుంది. ఏడాదికి పైగా వచ్చిపోయిన ఆ జ్వరాలకు, మబ్బు రంగు మూత్రానికి అర్థం ఆ కాగితంతో తెలిసింది. ఆ కాగితం మొదటిసారే ఉండి ఉంటే మిగిలిన ముక్కలను ఎవరూ చిన్నవని వదిలేవారు కాదు.

రాతి పరీక్షకు పట్టే ఖర్చు శస్త్రచికిత్స ఖర్చులో చాలా చిన్న భాగం. అది చూపించే దారి మాత్రం ఒక్కో రోగికి ఒక్కో విధంగా ఉంటుంది. యూరిక్ ఆమ్లపు రాళ్లనే తీసుకోండి. మధుమేహం ఉన్నవారిలో ఇవి ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో ఇవి కనబడవు, సీటీలో కనబడతాయి. మూత్రం ఆమ్లంగా ఉండడం వీటికి మూలం. పొటాషియం సిట్రేట్ మందుతో మూత్రం పీహెచ్‌ను 6.5 నుంచి 7 మధ్యకు తెస్తే ఈ రాళ్లలో చాలా భాగం శస్త్రచికిత్స లేకుండానే కరిగిపోతాయి. రాళ్లన్నిటిలో నిజంగా మందుతో కరిగే రకం ఇది. అటువంటి రోగిని కూడా నేరుగా బల్ల మీదికి ఎక్కిస్తే అతనికి జరిగే అన్యాయం ఎంతటిదో మీకు నేను చెప్పనక్కర లేదు.

పిల్లల గురించి రాసేటప్పుడు నాకు కొంత తడబాటుగా ఉంది, ఎందుకంటే ఇది మా ఇళ్లలోని ఆచారాన్ని తాకుతుంది. మన ప్రాంతంలో మేనరికపు పెళ్లిళ్లు నేటికీ ఉన్నాయి. సిస్టీన్ రాళ్ల జబ్బు, కాలేయంలోని లోపం వల్ల ఆక్జలేట్ అమితంగా తయారయ్యే జబ్బు, ఈ రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువులు అందినప్పుడు పిల్లల్లో బయటపడతాయి. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. రెండో జబ్బును గుర్తించకపోతే మూత్రపిండాలు రెండూ చిన్న వయసులోనే పాడైపోవచ్చు. పిల్లవాడికి రాయి వస్తే దాన్ని తీసి పంపితే సరిపోదు. ఆ రాయిని పరీక్షించాలి, మూత్రాన్ని పరీక్షించాలి, తోబుట్టువులను కూడా చూడాలి. నా తరగతిలో కడుపు నొప్పి అని తరచూ బడి మానేసిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో ఒక్కరినైనా నేను స్కానింగ్‌కు పంపమని తల్లిదండ్రులకు చెప్పలేదన్న బాధ నాకు ఈ వయసులో కలుగుతున్నది.

రాళ్లు తిరిగి రావడం మామూలే. చికిత్స పొందిన వారిలో దాదాపు సగం మందికి 5 నుంచి 10 ఏళ్లలో మళ్లీ రాయి కనిపిస్తుందని వైద్యులు చెబుతారు. అందుకే ఆపడానికి చెప్పే మాటలకు కూడా చికిత్సకు ఇచ్చినంత విలువ ఇవ్వాలి. ఇక్కడ రోగులకు అందుతున్న సలహాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. రాయిలో కాల్షియం ఉంది కనుక పాలు, పెరుగు, రాగి సంగటి మానేయమని ఎందరికో చెబుతున్నారు. భోజనంలోని కాల్షియం, తనతో కలిసి రాయిగా మారే ఆక్జలేట్‌ను పేగులోనే పట్టుకొని మూత్రంలోకి పోకుండా ఆపుతుంది కనుక పాలు, పెరుగు మితంగా తీసుకోవడమే మేలని, తగ్గించవలసింది ఉప్పును, మాంసాన్ని అని అందరు వైద్యులూ ఒకే మాట చెప్పాలి. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మా ఇళ్లలో ఉప్పు మాట తేలికగా చెల్లదు. దాన్ని ఇంట్లో వంట చేసే మనిషిని కూర్చోబెట్టుకొని చెప్పాలి. నీళ్లు ఎక్కువగా తాగండి అనే మాట కూడా అలాంటిదే. ఎంత తాగాలో చెప్పకుండా ఎక్కువగా అంటే గానుగ దగ్గర మనిషికి అది రెండు చెంబులు. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం బయటికి పోయేటట్టు తాగాలని, ఒక రోజు మూత్రాన్ని కొలత గుర్తులున్న డబ్బాలో పట్టి చూసుకోమని చెబితే అతనికి అర్థమవుతుంది. మా తమ్ముడికి రెండోసారి వైద్యం చేసిన వైద్యురాలు అదే చేయించారు. మొదటి రోజు కొలిస్తే లీటరుకు కాస్త తక్కువ వచ్చింది. ఆ డబ్బాను చూసిన తరువాత అతనికి వేరే ఉపన్యాసం అవసరం కాలేదు.

నీళ్లు తాగమని చెప్పేటప్పుడు వారి పని ఎటువంటిదో అడగండి. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో ఎండకు కాలే రాతి మీద పని చేసేవారు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో వేసవి పనికి వచ్చే ఆడవాళ్లు, కొండ దారిలో బస్సు నడిపే డ్రైవర్లు, పుత్తూరు, నగరి మగ్గాల షెడ్లలో పనివారు, వీరందరికీ నీళ్లు తాగడం కంటే తాగిన నీళ్లకు వెళ్లడానికి చోటు దొరకడం కష్టం. చోటు లేని ఆడమనిషి నీళ్లు తాగడమే మానుకుంటుంది. పనిచోట మరుగుదొడ్డి కావాలని ఒక వైద్యుడు సంతకంతో రాసిచ్చిన చీటీకి కార్మికురాలి మాట కంటే ఎక్కువ బరువు ఉంటుంది. ఆ చీటీ రాయడం కూడా వైద్యమేనని నా నమ్మకం.

నాటు వైద్యం గురించి మౌనంగా ఉండడం నాకు ఇష్టం లేదు. కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం, ఉలవకట్టు మా అమ్మమ్మల కాలం నుంచి ఉన్నాయి. మా తమ్ముడూ తాగాడు. వాటిని తాగినవాళ్లను మీ గదిలో కసురుకుంటే, రెండోసారి వారు తాగినట్టు మీకు చెప్పరు, తాగడం మాత్రం మానరు. చిన్న రాయి దానంతట అది పడే రోజుల్లో ఇంట్లో మూడు గ్లాసుల ఉలవకట్టు తాగితే దాహం తీరుతుంది, మనసుకు ధైర్యం కలుగుతుంది. జింక కొమ్ములా పెరిగిన రాయిని ఏ కషాయమూ కరిగించదు, దాని కోసం ఎదురుచూసిన ప్రతి నెలా మూత్రపిండం కొంత పోతుంది. ఈ తేడాను మీరు కోపం లేకుండా, స్కాన్ బొమ్మ చూపించి చెబితే మా వాళ్లు వింటారు. కొండపిండి అమ్మేవారికి కూడా నా విన్నపం ఒకటి ఉంది: స్కానింగ్ చూపించని మనిషికి, జ్వరంతో ఉన్న మనిషికి దయచేసి పొట్లం కట్టవద్దు.

పథకం అధికారులకు మరొక మాట. శస్త్రచికిత్స ఖర్చును భరిస్తున్న డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంతకు ముందు 2007 నుంచి ఆరోగ్యశ్రీ పేరుతో నడిచిన ఈ పథకం, మా వంటి కుటుంబాలను అప్పుల పాలు కాకుండా కాపాడింది. అది లేకపోతే తమ్ముడు మడి అమ్ముకోవలసి వచ్చేది. కష్టమైన రాయి ఒకే విడతలో పోదన్న నిజాన్ని ఆ పథకం లెక్కలు కూడా గుర్తించాలి. పెద్ద రాయికి ముందుగా సీటీ, మూత్రంలో ఏ బాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్ష, అవసరమైతే ముందే యాంటీబయాటిక్, శస్త్రచికిత్స, మిగిలిన ముక్కకు రెండో విడత, రాతి పరీక్ష, స్టెంట్ తీయడం, మూడు నెలలకు ఒక స్కానింగ్, ఇవన్నీ కలిసినదే ఒక చికిత్స. వీటిలో ఏ ఒక్కదానికి రోగి జేబు నుంచి డబ్బు అడిగినా ఆ మెట్టు దగ్గరే అతను ఆగిపోతాడు. ఆగిన చోటు నుంచే రాయి మళ్లీ పెరుగుతుంది. సహాయ కేంద్రంలో కూర్చొని రోగుల కార్డులు చూసే, మిత్రలని పిలిచే పథకం సిబ్బందికి స్టెంట్ జాబితాను కూడా అప్పగిస్తే, ఆ పని చేయగలిగిన మనిషి ప్రతి ఆసుపత్రి ముఖద్వారం దగ్గరే ఉన్నట్టవుతుంది.

శస్త్రచికిత్సకు ముందు రోగితో మాట్లాడే ఆ పది నిమిషాల గురించి కూడా అడుగుతాను. "లేజర్ పెట్టి తీసేస్తాం, మూడు రోజుల్లో ఇంటికి పోవచ్చు" అనే మాట రోగికి ధైర్యం ఇస్తుంది, నిజమే. అదే మాట తరువాత అతన్ని తిరిగి రానీయకుండా చేస్తుంది. ఒక విడతలో పోకపోవచ్చునని, ముక్కలు మిగలవచ్చునని, రక్తం ఎక్కించవలసి రావచ్చునని, గొట్టంతో ఇంటికి పంపుతామని ముందే చెప్పిన వైద్యుడి దగ్గరికి రెండోసారి రావడానికి రోగి సిగ్గుపడడు. మొదటిసారి అంతా పోయిందని విన్నవాడు, మళ్లీ నొప్పి వస్తే, మోసపోయాననుకొని వేరే ఊరికి వెళతాడు. పాత కాగితాలను కూడా ఇంట్లోనే వదిలి వెళతాడు. అలా వేలూరులో కొందరు, తిరుపతిలో కొందరు, చెన్నైలో కొందరు ఒకే రాయికి మూడు చోట్ల మొదటి పేజీ నుంచి వైద్యం మొదలుపెట్టించుకోవడం నేను ఆసుపత్రి వరండాల్లో కూర్చొని చూశాను.

మా తమ్ముడి కుడి మూత్రపిండం బాగుంది. ఎడమ దానిలో ఇప్పుడు రాయి లేదు. ఆరు నెలలకు ఒకసారి స్కానింగ్, మూత్రం కల్చర్ చేయిస్తున్నాం. గానుగ దగ్గర రెండు లీటర్ల సీసా రెండుసార్లు ఖాళీ కావాలన్న నియమాన్ని అతని మనుమరాలు చూసుకుంటున్నది.

తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఏ ఆసుపత్రి అయినా స్టెంట్ల రిజిస్టరు మొదలుపెట్టదలిస్తే, మొదటి ఆరు నెలలు ఆ ఫోన్లు చేసే పనిని మేము చేస్తాం. మేము అంటే నేను, నాతో పాటు పదవీ విరమణ చేసిన మరో ముగ్గురు ఉపాధ్యాయులు. మాకు తెలుగు వచ్చు, ఒకరికి తమిళం వచ్చు, ఎదుటివారికి అర్థమయ్యేదాకా చెప్పడం మాకు అలవాటైన పని. జీతం అక్కర లేదు. ఒక బల్ల, ఒక ఫోను, తేదీల జాబితా ఇస్తే చాలు. రోగుల వివరాలను బయటికి పొక్కనీయమని రాతపూర్వకంగా హామీ ఇస్తాం. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
పాకాల మండలం, తిరుపతి జిల్లా